ఇరవై నాలుగు పాయింట్ ఆరు

నార్త్‌విచ్‌లో ఇళ్ళు కుంగుతాయి.
నేల కింది ఉప్పును నీళ్ళతో కరిగించి
తోడుకున్నారు ఒకప్పుడు, తరాలకు తరాలు.
అందుకే ఇక్కడ పాత కొట్లు చెక్క చట్రాల మీద ఉంటాయి,
ఒరిగితే జాకీ పెట్టి లేపుకోవచ్చు
పంచరైన లారీని లేపినట్టు.

మా బడి లాబ్ కూడా కొంచెం వాలే ఉంటుంది.
బ్యూరెట్ స్టాండు కింద
నాలుగు మడతల అట్టముక్క పెట్టడం నా ఉద్యోగం.
సీసాలు కడగడం, లేబుళ్ళు అంటించడం,
పగిలినవి రాసుకోవడం కూడా.
పాఠం చెప్పేది మిసెస్ డటన్.

బుధవారం మూడో పీరియడ్.
కుప్పెలో సోడా క్షారం,
వేలికి తగిలితే సబ్బులా జారేది.
ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. గుప్పున గులాబి.
పైన గాజు గొట్టంలో ఆమ్లం
మంచినీళ్ళలా, ఏమీ ఎరగనట్టు.

కీరన్ లాథమ్ వాళ్ళ నాన్న విన్స్‌ఫర్డ్ గనిలో పనిచేస్తాడు.
"మిస్, ఆయన కొండలు కొండలు తవ్వి పంపితే
రోడ్ల మీద చల్లేస్తారు.
చెంచాడు ఉప్పుకి ఇంత తతంగమా?"
అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వుతూనే
కుళాయి తిప్పేశాడు.

గులాబి పోయింది.
ఎక్కడ పోయిందో ఎవరూ చూడలేదు.
దాటిపోయాక అంతా ఒకటే తెలుపు,
ఒక్క బొట్టు దాటినా, పది దాటినా.

కడిగి ఇచ్చాను.
ఈసారి వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు
కళ్ళు గీతకి సమంగా పెట్టి.
బొట్టు. కుప్పెను తిప్పడం. బొట్టు.
రంగు పోతుంది, సిగ్గుపడి మళ్ళీ వస్తుంది.
సగం బొట్టు అంచుకి వేలాడితే
దాన్ని గాజు గోడకి తాకించాడు, నేర్పకుండానే.
ఇరవై నాలుగు పాయింట్ ఆరు.

మా భాషలో ఉప్పూ నిప్పూ అంటే పగవాళ్ళు.
ఇక్కడేమో నిప్పులాంటివి రెండూ కలిసి
ఉప్పయ్యాయి అనుకున్నాను వెనక నిలబడి.
అనుకున్నాను గానీ, కాలేదు.
ఆమ్లం విడిచింది, క్షారం విడిచింది
కలిసి నీళ్ళయ్యాయి, అంతవరకే.
సోడియం, క్లోరిన్ ఇంకా ఆ నీళ్ళలో
ఎవరి దారిన వారు తిరుగుతూనే ఉన్నాయి.
నీళ్ళు వెళ్ళిపోయేదాకా
ఒకదాన్నొకటి పట్టుకోవు.

మూడోసారి ఫినాఫ్తలీన్ వేయలేదు.
లెక్క తెలిశాక సాక్షి ఎందుకు?
అదే కొలత పోసి, గిన్నెలో ఒంపి
కిటికీ మీద పెట్టాను.
"వేడి చేస్తే ఇప్పుడే వస్తుందిగా" అన్నాడు.
"పిండి వస్తుంది" అంది డటన్.

మా అత్త పచారీ కొట్టులో
మైలుతుత్తం, అన్నభేది, నవాసాగరం,
పటిక, సురేకారం
వేరువేరు డబ్బాలు, వేరువేరు గరిటెలు.
మైలుతుత్తం కట్టిన చేతిని
మూడుసార్లు కడిగితే గాని పటిక ముట్టేది కాదు.
అవన్నీ ఒకే ఇంటిపేరువాళ్ళని
నాకు ఇంత దూరం వచ్చాక తెలిసింది.

సోమవారానికి ఇంకా తడి ఉంది. ఈ ఊరి ఎండ అంతే.
గురువారం చూస్తే
గిన్నె అడుగున చిన్న చిన్న పలకలు,
ఎవరో రూళ్ళకర్ర పెట్టి కోసినట్టు.
భూతద్దం వాడి చేతిలోంచి ఎవరికీ రాలేదు.

లాబ్‌లో చేసింది నోట పెట్టుకోకూడదు, వాడికి తెలుసు.
"నాన్నకి చూపించొచ్చా?"
ఫిల్టర్ కాగితంలో పోసి
మా అత్త కట్టినట్టే పొట్లం కట్టాను,
దారం లేకుండా, చివర లోపలికి దోపి.
పేరు రాయమంటే
వాడు అంకె రాశాడు.

ఆ రాత్రి మంచు పడుతుందన్నారు.
నేను బస్సుకోసం నిలబడి ఉంటే
పసుపు లైటు తిప్పుకుంటూ లారీ పోయింది,
గోధుమరంగు గనిఉప్పు విసురుతూ.
నా బూట్ల మీద నాలుగు పలుకులు పడ్డాయి.
దులుపుకోలేదు.